అగ్గువ తుపాకి

పొద్దున చాయ్ తాగాక కట్టమ్మ చేసే మొదటి పని, నిన్న తన చేతికొచ్చిన వస్తువులన్నిటినీ గడప పక్కన పేర్చడం. ఒక హవాయి చెప్పు, గుప్పెడు గోళీలు, సొట్టపడ్డ స్టీలు గిన్నె, సగం కొరికిన జామకాయ. కాజీపేటలో రైలు పట్టాలకూ పెద్ద రోడ్డుకూ మధ్య ఇరుక్కున్న కంకర గల్లీలో ఎవరు ఏది విసిరినా అది గాలిలో మలుపు తిరిగి కట్టమ్మ చేతిలోకి వచ్చేది. తెల్లారాక ఎవరిది వాళ్లు వచ్చి తీసుకుపోయేవారు. చెప్పు కోసం వచ్చే మొగుడు తల దించుకుని వచ్చేవాడు. గిన్నె కోసం వచ్చే పెళ్లాం ముక్కు చీదుకుంటూ వచ్చేది. ఇద్దరికీ కట్టమ్మ చెరో నాలుగు మాటలు వడ్డించి పంపేది.

ఇదంతా ఇటుకల పుణ్యం. పెళ్లయిన ఏడు మొదలుకొని మోకాళ్లు మొరాయించేదాకా ఆమె ఇటుకలు అందుకుంది. కింద నేల మీద నిలబడి తోటి కూలీ యాకయ్య విసిరేవాడు, పైన పరంజా మీద నిలబడి కట్టమ్మ పట్టేది. ఊళ్లో మేడ అన్నది ఏది లేచినా ఆ ఇద్దరూ ఉండాల్సిందే. పట్టగా పట్టగా మొదట ఇటుకలు ఆమె చేతికి మరిగాయి, తర్వాత మిగతావి కూడా అదే దారి పట్టాయి. గల్లీ దాన్ని పెద్ద విషయంగా తీసుకోలేదు, సర్దుకుపోయింది. పిల్లలు క్రికెట్టును పట్టాల అవతలి మైదానానికి మార్చుకున్నారు. రాయి తగలదని తెలిసి కుక్కలు దర్జాగా తిరిగేవి. నిఖా అయ్యాక విసిరే ఖర్జూరాలన్నీ కట్టమ్మ ఒళ్లోకే పోతాయని, పెళ్లివాళ్లు ఆమెను ముందే పిలిచి షామియానా మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు. అందరికీ సమానంగా పంచేది కూడా ఆమే.

ఇంకొక సంగతి. విసరడానికి వీల్లేదు కాబట్టి, ఆ గల్లీ ఆడవాళ్లు ఎవరినైనా కొట్టాలంటే దగ్గరికి వెళ్లే కొట్టాలి. అందుకే దగ్గరికి వెళ్లడంలో వాళ్లు ఆరితేరారు.

ఆ ఆరితేరడం ఎంతవరకు వచ్చిందో మొదట తెలుసుకున్నవాడు రాయమల్లు. సుబేదారిలో ఒక మేడ మీద కొత్తగా రోడ్డు వెడల్పు ఆఫీసు తెరిచారు. రాయమల్లు అందులో రంగు పూసే మనిషి. పోవాల్సిన ఇళ్ల గోడలకు ఎర్ర మచ్చ పెట్టడం అతని పని. ఒకసారి ఎక్కడో ఒక ఇంటికి బదులు ఇంకో ఇల్లు కూల్చి పైవాళ్లతో చీవాట్లు తిన్నాక ఆ ఆఫీసు గట్టి రూలు పెట్టుకుంది: మచ్చ ఉన్నదాన్నే కూల్చాలి, మచ్చ లేనిదాన్ని ముట్టకూడదు. పెద్ద రోడ్డు పెరగాలంటే కంకర గల్లీ పోవాలి. గల్లీలో మొదటి ఇల్లు కట్టమ్మది.

రాయమల్లు డబ్బా, బ్రష్షు పట్టుకుని సైకిల్ దిగగానే కట్టమ్మ పక్కింటి షహజాదీ ఎదురొచ్చింది.

"సున్నమేస్తానికొచ్చినవా రాయమల్లన్నా? మా ఇంటికి ఆకుపచ్చదెయ్యి, మంచిగుంటది."

"నేనేం జేద్దు అక్కా, సార్లు పొమ్మన్నరు, వచ్చిన."

"మేం పొమ్మంటున్నం. పో."

చుట్టూ చూస్తే ప్రతి చేతిలోనూ చీపురు ఉంది. డబ్బా మోరీలో బోర్లా పడింది, మోరీ రెండు రోజులు ఎర్రగా పారింది. మళ్లీ వెళ్లాడు, మళ్లీ అదే మర్యాద జరిగింది. మూడోసారి పొమ్మంటే అతను ఆఫీసు మెట్ల మీద కూర్చుని, నౌకరీ తీసేసినా సరే పోనన్నాడు.

అప్పుడు ఓవర్సీరు శ్రీనివాస్ బుర్రకు ఒక ఉపాయం తట్టింది. ఏటూరునాగారం అడవిలో కొట్టాల్సిన చెట్లకు దూరం నుంచే మచ్చ పెట్టే రంగు తుపాకి ఒకటి ఉంటుందని ఎవరో చెప్పగా విన్నాడు. అది ఫారిన్ సరుకు, కొనాలంటే ఆఫీసు ఒప్పుకోలేదు. హైదరాబాదులో ఒక దుకాణంవాడు దాన్ని చూసి అలాంటిదే సొంతంగా చేసి అగ్గువకు అమ్ముతున్నాడని తెలిసి దాన్ని తెప్పించాడు. కట్టమ్మ చేతుల సంగతి అతనికి తెలియక కాదు, కాజీపేటలో తెలియనిదెవరికి? విసరడం వేరు, పేల్చడం వేరు అని అతని లెక్క.

కట్టమ్మకు కూడా ఆ అనుమానం లేకపోలేదు. తుపాకి వస్తోందన్న మాట విన్న రోజు ఆమెకు ముద్ద దిగలేదు. ఆ ఇల్లు ఆమె కడుపు కట్టుకుని కట్టుకున్నది. పని చేసిన ప్రతి చోటా మేస్త్రిని అడిగి ఒకటో రెండో ఇటుకలు కొంగున కట్టుకుని తెచ్చేది. ఆ గోడలో బ్యాంకు ఇటుక ఉంది, దవాఖాన ఇటుక ఉంది, సినిమా హాలు ఇటుక ఉంది. తాపీ పట్టడం ఆడదాని పని కాదని జీవితమంతా పక్కకు తోసిన మేస్త్రులకు జవాబుగా మట్టి పిసికి తనే వరుసలు పేర్చింది. కొడుకులూ కూతుళ్లూ లేరు. ఉన్నది ఆ గోడలే. తూటా తన చేతికి రాకపోతే ఏమిటన్న భయం ఆమె ఎవరికీ చెప్పలేదు, షహజాదీకి కూడా.

జీపు వచ్చి గల్లీ మొదట్లోని చాయ్ హోటలు దగ్గర ఆగింది. శ్రీనివాస్ ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగి, అట్టపెట్టెను బల్ల మీద పెట్టి, ఎండుగడ్డి తీసి పక్కన పెట్టి తుపాకిని బయటికి తీశాడు. గల్లీ మొత్తం చుట్టూ మూగింది. రంగు తుపాకి అనేదాన్ని చూడటం అందరికీ అదే మొదలు.

చూడగానే ఎవరికీ నచ్చలేదు. నల్ల రంగు పూసిన రేకు గొట్టం, దాని కింద చెక్క పిడి. పిడికి రెండు మరలు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. కుట్టు మిషన్ నూనె వాసన గుప్పుమంటోంది. సోడా గ్యాసు నింపిన వేలెడంత బుడ్డి ఒకటి లోపల పెట్టి బిగించాలి. గుండ్లు మాత్రం బాగున్నాయి. రేగుపండంత, ఎర్రగా నిగనిగలాడుతూ, పట్టుకుంటే మెత్తగా ఉన్నాయి. నోట్లో వేసుకోబోయిన ఒక పిల్లను తల్లి వీపు మీద ఒకటి చరిచి లాగింది.

"గింతేనా?" అంది షహజాదీ. "మా గ్యాస్‌నూనె స్టవ్వు పంపు దీనికన్న గట్టిగుంటది సారు."

"ముట్టుకోవద్దు," అన్నాడు శ్రీనివాస్. "అగ్గువకు వచ్చింది గానీ పని అసలుదాని లెక్కనే చేస్తది."

ముందు రోడ్డవతలి కరెంటు స్తంభం మీద పరీక్ష. ప్రతి గుండుకూ మూతిని ఆకాశం వైపు ఎత్తాలి, గుండు లోపలికి దొర్లాలి, వెనక ఉన్న మీటను గుంజాలి, అప్పుడు గురి చూడాలి. మొదటి గుండు టుస్సుమని మూతి నుంచి జారి పక్కనున్న మేక ముందు పడింది. మేక వాసన చూసి మొహం తిప్పుకుంది. రెండోది గొట్టంలోనే పగిలి శ్రీనివాస్ చొక్కా చేతులను ఎర్రగా చేసింది. గల్లీ విరగబడి నవ్వింది. జీపు వెనకే సైకిల్ మీద వచ్చి దూరంగా నిలబడ్డ రాయమల్లు నవ్వకుండా ఉండటానికి సైకిల్ గంట తుడుచుకున్నాడు.

మూడోది ఫటేలుమని పేలి స్తంభం నడుముకు తగిలింది. గుండ్రంగా, పూరీ అంత మచ్చ పడింది. అంచుల నుంచి రంగు సన్నగా కారింది. అంత దూరం నుంచి, మనిషి కదలకుండా, ఎవరి ముఖమూ చూడకుండా ఒక ఇంటిని పోగొట్టవచ్చని అప్పుడే అందరికీ అర్థమైంది. శ్రీనివాస్ ముఖం వెలిగిపోయింది.

కట్టమ్మ లేచి మెల్లగా నడిచి తన గడప మీద కూర్చుంది. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుంది.

హోటలు దగ్గర నిలబడే శ్రీనివాస్ మూతి ఎత్తాడు, మీట గుంజాడు, గోడ మధ్యకు గురి చూసి కొట్టాడు. గుండు సూటిగా వచ్చింది. గోడకు బెత్తెడు దూరంలో దారి తప్పినట్టు ఆగి, పక్కకు తిరిగి, కట్టమ్మ కుడి అరచేతిలో వాలింది. పగలలేదు. వేడిగా ఉంది. ఆమె ఊపిరి వదిలి దాన్ని ఒళ్లో వేసుకుంది.

"అమ్మా! చేతులు తియ్యి," అని అరిచాడు శ్రీనివాస్. "ఆఫీసు పనికి అడ్డం రావద్దు."

"నేనేడ అడ్డమొచ్చిన సారు? నా గడప మీద నేను కూసున్న. మీరే నా చేతుల ఏస్తాండ్లు."

"ఇంట్లోకి పో!"

"రేపట్నించి ఇల్లుండదంటున్నరు. ఇంకేడికి పోవాలె?"

అతను మళ్లీ కొట్టాడు. అదీ చేతికే వచ్చింది. పైకప్పు మీదికి కొట్టాడు, పక్కింటి గోడకు కొట్టాడు, గల్లీ చివరి తలుపుకు కొట్టాడు. అన్నీ తిరిగి తిరిగి కట్టమ్మ దగ్గరికే వచ్చాయి. గ్యాసు బుడ్డి మార్చి మళ్లీ మొదలుపెట్టాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆమె ఒళ్లో ఎర్ర గుండ్లు కుప్ప పడ్డాయి. గల్లీ ఒక్కో గుండుకూ ఈల వేసింది. చిరాకు ఆపుకోలేక శ్రీనివాస్ తుపాకినే విసిరికొట్టాడు. అది కూడా గాలిలో గిర్రున తిరిగి, చెక్క పిడి ముందుగా, కట్టమ్మ చేతిలోకి వచ్చి కూర్చుంది.

ఆ చేతికి బరువులు తెలుసు. ఆమె దాన్ని ఎత్తి చూసింది. మూతి బరువు, వెనక తేలిక. పట్టుకున్న మనిషి మీద తనకే నమ్మకం లేనట్టు లోపల ఏదో గలగలలాడుతోంది. చూడటానికి అధికారంలా ఉంది గానీ ఎత్తితే పిల్లల ఆటబొమ్మ. దీనితోనా నన్ను లేపుదామనుకున్నారు అని ఆమెకు ఒళ్లు మండింది.

"ఇటివ్వు," అన్నాడు శ్రీనివాస్.

"దగ్గరికొచ్చి తీస్కో సారు. పొద్దుగాల్సంది దూరం నుంచే కొడ్తాండ్లు. నా మొఖం సుత సూడలె మీరు."

అతను వచ్చాడు. చీపుళ్ల మధ్యనుంచి నడిచి వచ్చి, ఆమె ముఖం చూడకుండానే తుపాకి తీసుకున్నాడు. గొట్టంలో ఒక గుండు మిగిలి ఉండటం గమనించాడు. తర్వాత అతను చేసిన పని ఎవరూ అనుకోనిది. నేరుగా ఇంటి వెనక్కి, పట్టాల వైపు పరుగెత్తాడు.

కట్టమ్మకు అర్థమైంది. లేవబోయింది. ఎండకు మెత్తబడ్డ గుండ్లు ఒళ్లో ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. లేస్తే అన్నీ గడప మీదే పగులుతాయి, అన్నీ మచ్చలే. కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయి, "షహజాదీ, ఎనకకు!" అని కేక వేసింది. షహజాదీ చీపురుతో ఉరికేలోపే శ్రీనివాస్ తుపాకి మూతిని గోడకు ఆనించి నొక్కాడు. గుండుకు ఎగరడానికి చోటే లేదు. మచ్చ పడింది.

"అయిపోయింది. రేపు కూలుతది," అంటూ అతను జీపు వైపు నడిచాడు. చేతులూ చొక్కా ఎర్రగా ఉన్నాయి గానీ నడకలో గెలుపు ఉంది.

షహజాదీ బియ్యం చాటలో తవుడు పోసి తెచ్చి గుండ్లన్నిటినీ ఒక్కొక్కటిగా అందులోకి దించింది. అప్పుడు కట్టమ్మ లేచి వెనక గోడ చూసింది. కిరోసిన్ పెట్టి రుద్దారు. కొబ్బరి పీచుతో రుద్దారు. ఆ ఇటుక రంగును లోపలిదాకా తాగేసింది. కట్టమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది. ఎవరూ ఆమెను ఓదార్చలేదు, ఆ ఏడుపు కోపం వల్ల వచ్చిందని తెలుసు కాబట్టి.

మర్నాడు పొద్దున లారీ వచ్చింది. పక్క గల్లీలో అప్పటికే కూల్చిన ఇళ్ల ఇటుకలు సగం దాకా నిండి ఉన్నాయి. ముందు సీటులోంచి గడ్డపార పట్టుకుని దిగినవాడు యాకయ్య. ఇటుకలు విసిరే పని దొరకడం మానేశాక అతను కూల్చే గ్యాంగుకు మేస్త్రి అయ్యాడు. కట్టమ్మను చూసి గడ్డపారను వెనక దాచుకున్నాడు. ఆరడుగుల మనిషి దాన్నెక్కడ దాస్తాడు!

"చెల్లె," అన్నాడు. "నేను రానంటే ఇంకోన్ని తోల్తరు. ఆడైతే అన్ని పలగ్గొడ్తడు. నేనైతే ఒక్క ఇటుక పలగకుంట తీస్త. నా చేతనైంది గంతే."

కట్టమ్మ తిట్టడానికి నోరు తెరిచి, అతని కళ్లు చూసి ఆగింది.

"తియ్యన్నా. నువ్వు తీసేది తియ్యి. నేనైతే ఇండ్లకెల్లి బయిటికి రాను."

ఇంట్లోకి వెళ్లి ముందు గోడ దగ్గర నిలబడింది. గ్యాంగువాళ్లు గూన పెంకులు దించి పక్కన పేర్చారు. యాకయ్య వెనక గోడ ఎక్కి, పై వరుసలో మొదటి ఇటుకను జాగ్రత్తగా పెకిలించి, మట్టి దులిపి, లారీలోకి విసిరాడు. విసరకుండా ఇటుకను దించడం అతనికి రాదు, నేర్చుకున్నదే అది.

ఇటుక లారీ దాకా పోలేదు. గాలిలో తిరిగి కట్టమ్మ చేతికి వచ్చింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. దవాఖాన ఇటుక. చేతిలో పెట్టుకుని ఏం చేయాలి? ముందు గోడ మీద పెట్టింది.

యాకయ్య రెండోది విసిరాడు. అదీ వచ్చింది. దాన్ని మొదటిదాని పక్కన పెట్టింది. మిగతా కూలీలు కూడా విసరడం మొదలుపెట్టారు. వెనక గోడ ఎంత దిగితే ముందు గోడ అంత లేచింది. యాకయ్య కాసేపు ఆగి, నుదురు తుడుచుకుని ఆ రెండు గోడల వైపూ చూశాడు. ముసలి ముఖం మీద ముసిముసి నవ్వు పాకింది.

"చెల్లె, మట్టి లేకుంట పేరిస్తే నిలవది," అన్నాడు.

"నా చేతులు ఖాళీ లేవన్నా!"

"ఫికర్ చెయ్యకక్కా, మేమున్నం," అంది షహజాదీ. గల్లీ ఆడవాళ్లు చీపుళ్లు పక్కన పెట్టి చీరలు ఎగ్గట్టి మట్టి తొక్కారు. తట్టలు చేతి నుంచి చేతికి అందాయి. కట్టమ్మ వరుస మీద వరుస వేసింది, మూలలు సరిచూసింది, ఎవరి తాపీ అడగలేదు, అరచేతితోనే మట్టి సమం చేసింది. మోకాళ్ల నొప్పి ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియదు. యాకయ్య విసురులో పాత లయ వచ్చేసింది. హుప్ అని అతను అనడం, హా అని ఆమె పట్టడం. ఒక్కో పాత గోడా దిగుతుంటే దాని ఇటుకలతోనే కొత్త గోడ లేస్తూ, ఇల్లు ముందుకు నడిచి, చుట్టూ తిరిగి, నాలుగు గోడలతో మళ్లీ నిలబడింది.

అప్పుడు యాకయ్య ఒక పని చేశాడు. లారీ ఎక్కాడు.

"అన్నా, అవి మనవి కావు," అంది కట్టమ్మ.

"ఎవ్వరియో నాకెరుకే. పొద్దుగాల నేనే కూలగొట్టిన," అన్నాడు యాకయ్య. "గా ఇండ్లల్ల ఎవ్వరు నీ లెక్క పట్టెటోల్లు లేకపాయిరి. ఇంట్లకెల్లగొడ్తె నోరు మూసుకోని పోయిండ్రు. ఇవన్ని బొందల పొయ్యమన్నరు సార్లు. నేను పొయ్య. పట్టు, చెల్లె!"

ఆ ఇటుక బరువుగా వచ్చింది. కట్టమ్మ పట్టింది. ఒక గదికి సరిపోయేన్ని అలా వచ్చాయి. షహజాదీ ఇంటి వాసాలు, ఇంకెవరి ఇంటివో దూలాలు అడ్డం వేసి, పొద్దు వాలేసరికి పైన ఇంకో గదికి గోడలు నడుము దాకా లేచాయి. హోటలువాడు అందరికీ చాయ్ పోశాడు.

శ్రీనివాస్ జీపు దిగి, ఉండకూడని ఇంటిని, అదీ నిన్నటికంటే పొడుగ్గా ఉన్నదాన్ని చూశాడు. అతని వెనక రాయమల్లు దిగాడు.

"ఏం చేసినవ్ యాకయ్యా?"

"కూలగొట్టి లారీల ఏసినం సారు," అన్నాడు యాకయ్య లారీ మీదినుంచే. "నడిమిట్ల గాలిల ఏమైందో నన్నడుగుడెందుకు?"

"రేపు మళ్లీ కూలుస్తరు."

"రేపు కూలుస్తే ఇంకో అంతస్తు లేస్తది సారు. ఎల్లుండి ఇంకోటి. నన్ను తీసేసి ఇంకోన్ని పెట్టుకోండ్రి, వాడు సుత విసిరేదే కదా."

కట్టమ్మ నిచ్చెన దిగి వచ్చింది. చేతిలో ఒకే ఒక్క ఇటుక, మధ్యలో ఎర్రగా. పొద్దున్నించీ వరుసలో పెట్టకుండా పక్కన ఉంచినది. అతనికి ఎదురుగా, ఊపిరి తగిలేంత దగ్గరగా వచ్చి నిలబడింది.

"మచ్చ ఉన్నదాన్నే కూలగొట్టాలె, లేనిదాన్ని ముట్టద్దు, గంతే గద సారు మీ రూలు? మొత్తం ఎతికినం. మచ్చ ఉన్నది గిదొక్కటే. తీసినం. తీస్కపొండ్రి."

అతని రెండు చేతుల్లోనూ దాన్ని పెట్టింది. ఈసారి అతను ఆమె ముఖం చూడక తప్పలేదు. కోపంతో ఇటుకను విసరబోయి, అది ఎటు పోతుందో గుర్తొచ్చి ఆగాడు. గల్లీలో ఒక్కరు కూడా నవ్వలేదు. అది నవ్వుకన్నా ఎక్కువగా గుచ్చుకుంది. రాయమల్లు ముందుకొచ్చి, "రూలు ప్రకారం పనైపోయింది సారు, పోదాం," అని మెల్లగా అన్నాడు. శ్రీనివాస్ ఇటుకను ఒళ్లో పెట్టుకుని జీపులో కూర్చున్నాడు. జీపు సుబేదారి వైపు మళ్లింది.

యాకయ్య మాత్రం లారీతో పోలేదు. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి విసిగి ఖాళీ బండి తీసుకుపోయాడు. యాకయ్య చొక్కా విప్పి నడుముకు చుట్టుకుని, నడుమెత్తు గోడ మీదికి ఎక్కి, కింద ఉన్న కట్టమ్మను అడిగాడు.

"చెల్లె, పైగదికి కిటికి ఎటు దిక్కు పెడుదాం?"

"రోడ్డు దిక్కే పెట్టన్నా," అంది కట్టమ్మ.